స్విచ్ మీద పిండి గిన్నెలు

ఎంట్రీ 88

స్విచ్ గది తలుపు తియ్యగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. దాని వెనకాలే మోకాళ్లకు రాసుకునే తైలం వాసన, తడి మేజోళ్ల వాసన. గది వేడి ఎంత, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, ఏ దీపం ఏ రంగులో ఉంది, లాగ్‌లో ఇవి రాస్తే చాలని కమిటీ నియమం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దీపాలన్నీ ఆకుపచ్చ. అయిపోయింది. మిగతాది నా ఇష్టం, ఎలాగూ దీన్ని చదివే నాథుడు లేడు.

పెద్దదొనలో వెచ్చగా ఉండే చోటు ఇదొక్కటే. చంద్రుడి నేల కింద ఈ గుహలో మా తాతలను దింపినవాళ్లు గాలి సంగతి ఆలోచించారు, నీళ్ల సంగతి ఆలోచించారు, చలికి మాత్రం తలా ఒక కంబళి చాలనుకున్నారు. ఇళ్లలో నీళ్లు గడ్డకట్టవు, అంతవరకే. ఈ స్విచ్ యంత్రం మాత్రం గుహలోని ప్రతి గాలి వాల్వునూ, ప్రతి తలుపునూ, ప్రతి ఫోన్‌నూ ఒకదానితో ఒకటి కలిపి నడిపిస్తూ క్షణం ఆగకుండా వేడి కక్కుతుంది. అందుకని జనం దీన్ని పొయ్యి చేసుకున్నారు. పైన పిండి గిన్నెలు, పక్కన తోడు పెట్టిన పెరుగు గిన్నెలు, వైర్ల మీద పసిపిల్లల గుడ్డలు. ముసలివాళ్లు వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఇవాళ ఒకాయన నా కుర్చీలోనే కూర్చుని కాలిగోళ్లు తీసుకున్నాడు. ఆ గోళ్లు ఊడ్చింది నేనే. థూ!

స్విచ్ ముందు వైపు ఒక ఖాళీ స్లాట్ ఉంది. తర్వాతెప్పుడైనా అదనపు మాడ్యూల్ పెట్టుకోవడానికి వదిలిన అర అది. దానికి మూత రేకు ఉండాలి. నేను ఈ పనిలో చేరేనాటికే లేదు, ఎవరింట్లోనో అప్పడాలు కాల్చుకునే పెనమై ఉంటుంది. మూత లేదు కాబట్టి వెనక గొట్టంలోకి పోవాల్సిన వేడిగాలిలో సగం ఈ కన్నంలోంచి ముందుకు తన్నుకొస్తుంది. సరిగ్గా ఆ కన్నం ముందు బల్ల వేసి పెద్ద గిన్నె పెడుతుంది అండాలవ్వ. ఊరి పిండి మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది. ఎవరింటి మినుములైనా ఆమే రుబ్బుతుంది, ఆమే పులియబెడుతుంది, ఆమే పంచుతుంది. గిన్నె పక్కకు తియ్యమంటే నన్ను పసిపిల్లను చూసినట్టు చూస్తుంది.

“పిండికి జీవముంటది బిడ్డా. సల్లగాలికి పెడితే సచ్చిపోతది,” అంది ఇవాళ.

“మరి స్విచ్‌కు లేదా అవ్వా జీవం?” అన్నాను.

“దానికెందుకే? మనం తినేదా అది?”

నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు, నిజంగానే అడిగింది మరి.

సరుకు ఓడ దిగిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది. మాడ్యూల్ వచ్చింది. హమ్మయ్య, ఇన్నాళ్లకు!

ఎంట్రీ 89

మాడ్యూల్ పెట్టె తెచ్చుకున్నాను. ముంజేతి పొడుగు ఉంది, ముఖం మీద వరుసగా పోర్టులు. కొత్తదొన గాలి వాల్వుల వైర్లు ఎప్పుడో లాగి ఉంచాను, కొసలు ఈ గదిలో వేలాడుతున్నాయి. మాడ్యూల్‌ను స్లాట్‌లోకి తోసి, ఆ వైర్లు దాని పోర్టుల్లో గుచ్చితే కొత్తదొన వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గాలి చెడితే గంట మోగుతుంది. ఆ గంట కూడా ఈ మాడ్యూల్ గుండానే పోవాలి.

అది వచ్చేదాకా కొత్తగా తవ్విన ఆ గుహలోకి మనుషులు పోకూడదు. పోయారు. ముహూర్తం బాగుందట! ఆకాశమే కనబడని చోట ఏ నక్షత్రాన్ని చూసి పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. పాలు పొంగించారు. అవి సోయా పాలు, పొంగకుండా విరిగాయి, అయినా చప్పట్లు కొట్టారు. పద్నాలుగు కుటుంబాలు పరుపులూ పిల్లలూ సహా దిగిపోయాయి. మాడ్యూల్ లేనిదే గాలి ఎట్లా అని నేను అడిగితే, కమిటీ అధ్యక్షుడు పర్వతాలు కాక దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

“మనిషి తిప్పుతడు తియ్యి. చేతి చక్రమున్నది గద.”

ఆ మనిషి నా తమ్ముడు మొగిలి.

పెండ్లాం పిల్లలు లేనివాడు, ఎప్పుడు పడుకున్నా ఎప్పుడు లేచినా ఒకటేనని వాణ్ని ఎంచారు. వాడు సరేనన్నాడు. కాదనడం వాడికి పుట్టుకతోనే రాదు. అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను, ఆ ఒక్క ముక్కా నేర్పలేకపోయాను.

అన్నం పట్టుకుని వెళ్లాను. వాల్వు చక్రం కొత్తదొనలో అన్నిటికన్నా పల్లాన, మెట్లు దిగి పోయే గుంతలో ఉంది. పక్కన ముల్లు ఉన్న మీటరు. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతే చక్రం విప్పాలి, వెనక్కి వస్తే బిగించాలి. ఏమరితే, మనుషులు వదిలిన చెడుగాలి బరువుగా కిందికి దిగి ముందు ఆ గుంతలోనే నిండుతుంది. మొదట తలనొప్పి, తర్వాత మగత, తర్వాత ఇక లేవరు. చంద్రుడి మీద పుట్టిన ప్రతి పిల్లకూ బళ్లో మొదట చెప్పే పాఠం అదే.

చేతులు చూపించరా అంటే వెనక దాచుకున్నాడు. లాగి చూశాను. బొబ్బలు పగిలాయి, పగిలిన చోట మళ్లీ బొబ్బలు లేచాయి.

“నిన్ను మార్చుటానికి ఎవలు వస్తలేరా?”

“వస్తున్నరక్కా. వచ్చి జర్రసేపు తిప్పుతరు, మళ్ల పనున్నదని పోతరు.”

“ఏం పని? నా గదిల కాళ్లు కాపుకునుడా?”

నవ్వాడు వాడు. “మాడ్యూల్ వచ్చిందంట గద. ఇగ ఎంత, రేపో ఎల్లుండో.”

“నిద్రెప్పుడు పోతున్నవ్ రా?”

“నిలబడే పోతున్న. మంచిగనే పడుతున్నది.”

ఇంతలో పైన ఎవరింట్లోనో పాట పెట్టుకుని పకపకా నవ్వుతున్న చప్పుడు వినబడి ఒళ్లు మండిపోయింది. వీళ్లు నవ్వుతున్న గాలి వీడు తిప్పుతున్నదే.

ఎంట్రీ 90

మాడ్యూల్ పెట్టే ముందు స్లాట్ లోపల దీపం వేసి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ఎన్నేళ్ల పిండో అది! పొంగి పొర్లినప్పుడల్లా ఆ కన్నంలోకి కారింది. అడుగున అట్టు కట్టి నల్లబడింది, దాని మీద బూజు, బూజు మీద వెంట్రుకలు. ఒక పిన్నీసు. ఒక ఎండుమిరపకాయ. ఎవరి పిల్లదో ఊడిన పాలపన్ను. పాలపన్ను స్విచ్‌లో ఎందుకు వేశారని అడిగితే, వెచ్చగా ఉంటే కొత్త పన్ను తొందరగా వస్తుందని ఒకామె తడుముకోకుండా చెప్పింది. మాడ్యూల్ జారుతూ లోపలికి పోవాల్సిన సన్నటి పట్టాలు రెండు పక్కలా పిండితో పూడిపోయాయి. లోపలి గోడకు మాడ్యూల్ గుచ్చుకునే పిన్నులుంటాయి, వాటి మధ్య కూడా పిండే.

తుడుద్దామని స్పిరిట్ సీసా తీస్తే అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు. మోకాళ్ల తైలంలో కలుపుకున్నారట. సిగ్గూ లేదు ఎగ్గూ లేదు ఈ జనానికి. వైద్యశాల గదికి పోయి కాస్త అడుక్కొచ్చి, పళ్లు తోముకునే బ్రష్‌తో పట్టాల మేరకు గీకాను. గీకిన కొద్దీ వాసన. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ పులుపు నాలుక మీదికి వచ్చింది. పిన్నుల జోలికి పోలేదు, కరెంటు ఉండగా వాటిని ముట్టుకోకూడదు.

అసలు ఈ రకం స్విచ్ నడుస్తుండగా మాడ్యూల్ పెట్టకూడదు. ఆపాలి, పెట్టాలి, మళ్లీ వెయ్యాలి. ఆపినంతసేపు పెద్దదొన వాల్వులు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి, ఆ కాసేపటికి ఎవరికీ ఏమీ కాదు. తలుపులు చేత్తో నెట్టుకోవాలి, అంతే. ఆ మాట చెప్పడానికి కమిటీ గదికి వెళ్లాను.

పర్వతాలు కాక మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు, చివర మాట్లాడినవాళ్ల మాటే ఆయనకు న్యాయం. నేను వెళ్లేసరికే ఆయన పక్కన అండాలవ్వ కూర్చుని ఉంది.

“దిగినరోజు దగ్గరకొచ్చింది గద స్వరూపా,” అన్నాడు.

దిగినరోజంటే మా తాతలు ఇక్కడ కాలు పెట్టిన రోజు. ఊరంతా కలిసి ఇడ్లీలు తింటుంది. తోట గుహలో పండే మినుముల్లో సగం ఏడాదంతా దాచేది దానికోసమే.

“పిండి ఇయ్యాల్నే రుబ్బి పెట్టిన,” అంది అండాలవ్వ. “నడుమల సల్లవడితే ఇగ లేవదు. ఏడాది మినుములు బిడ్డా! మళ్ల రుబ్బుదామంటే గింజ లేదు.”

“ఆడ నా తమ్ముడు నిలబడి నిద్రపోతున్నడు అవ్వా. వాడు పడ్డడంటే ఏమైతదో తెల్వదా నీకు?”

“మొగిలి బంగారమసొంటోడు, పడడు. పండుగైనంక పెట్టుకో. జర్రంత ఆగలేవా?”

“కాకా, నువ్వన్న చెప్పు!”

పర్వతాలు కాక ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మొగిలికి ఇంకో మనిషిని తోడు పంపిస్తం తియ్యి. ఎవలకు తక్లీఫ్ గాకుంట చేద్దాం.”

ఎవరికీ తక్లీఫ్ కాకుండానట! ఒకడి అరచేతుల తోలు ఊడొస్తుంటే. చుట్టూ ఉన్న కమిటీ సభ్యులు ఎంతో తెలివైన మాట విన్నట్టు తలలూపారు. అక్కడే ఉమ్మేద్దామనిపించింది. కమిటీ గది ఊడ్చే వంతు కూడా ఈ వారం నాదే అని గుర్తొచ్చి మింగేశాను.

ఎంట్రీ 91

తోడు మనిషి రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు.

వెళ్లి చూస్తే మొగిలి చేతిని చక్రానికి గుడ్డతో కట్టేసుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. నిద్రలో ఒరిగితే గుడ్డ లాగి మెలకువ వస్తుందని వాడి ఉపాయం. మణికట్టు చుట్టూ కమిలిపోయింది.

గుంతకు పక్కనే ఉండే సరోజన నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి ఆమె, మెత్తని మనసు.

“పొద్దుగాల పోరగాండ్లు తలకాయ నొస్తున్నదని ఏడిసిండ్రు స్వరూపక్కా. నేనురికి పోయి మొగిలిని లేపిన. నిలవడ్డోడు నిలవడ్డట్టే నిద్రపోతుండు. లేపబుద్ధి కాలేదు, పాపం. అయినా లేపిన.”

“మంచి పని చేసినవ్. మరి నీ మొగడు పోయి జర్రసేపు తిప్పరాదా?”

“ఆయనకు నడుం నొప్పి అక్కా.”

ఇంకేం మాట్లాడను? ఊళ్లో అందరికీ ఏదో ఒక నొప్పి. నొప్పి అని చెప్పనివాడొక్కడే, వాడి చేతికే చక్రం.

తిన్నగా స్విచ్ గదికి వచ్చాను. కాళ్లు కాపుకుంటున్న ముసలాళ్లను లేపి బయటికి నడిపించాను. గిన్నెలన్నీ తీసి నడవలో పెట్టాను. అండాలవ్వ పెద్ద గిన్నె ఎత్తితే నడుం కలుక్కుమంది, పిండి తొణికి నా చీర మీద పడింది. అది కూడా వెచ్చగానే ఉంది, ఛీ. తలుపు గడియ పెట్టి స్విచ్ ఆపేశాను.

ఫ్యాన్లు ఆగిపోయినప్పుడు గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. చేతికి పట్టీ కట్టుకుని దాని తీగ స్విచ్ ఒంటికి తగిలించాను, ఒంట్లో ఉండే కరెంటు మాడ్యూల్‌ను కాల్చకుండా. పిన్నులను ఒక్కొక్కటిగా తుడిచాను. మాడ్యూల్‌ను అంచులు పట్టుకుని పట్టాల మీద పెట్టి మెల్లగా తోశాను. చివర్న టక్కున కూర్చోవాలి. కూర్చుంది. రెండు పక్కలా చేత్తో తిప్పే మరలు బిగించి స్విచ్ వేశాను.

మాడ్యూల్ దీపం పసుపు రంగులో వెలిగింది. పసుపంటే లేస్తోందని. లేవాలి, ఆకుపచ్చ కావాలి. కాలేదు. ఎంతసేపు చూసినా పసుపే. బయట జనం తలుపు బాదుతున్నారు.

మళ్లీ ఆపాను. మాడ్యూల్ బయటికి లాగితే దాని కొసన ఇంత పిండి ముద్ద! ఏ మూలో దాక్కుని ఉండి నేను తోసినప్పుడు అడ్డం పడింది. ఆ ముద్దను గోటితో తీశాను. అమ్మనా బూతులన్నీ తిట్టాను, ఎవరిని తిట్టానో నాకే తెలియదు. అన్నీ మళ్లీ తుడిచి, మళ్లీ తోసి, మళ్లీ వేశాను.

పసుపు. పసుపు. ఆకుపచ్చ.

వైర్లు గుచ్చి మొగిలికి ఫోన్ చేశాను.

“అక్కా! చక్రం దానంతటదే తిరుగుతున్నదే!”

“చెయ్యి తియ్యి దాని మీదికెంచి.”

“తీసిన.” ఫోన్‌లో వాడి ఊపిరి వినబడింది, నవ్వో ఏడుపో తెలియలేదు. “తిరుగుతున్నది అక్కా. ముల్లు మంచిగున్నది.”

“ఇంటికి రా. బుక్కెడంత తిని పడుకుందువు.”

“మెట్లెక్కే ఓపిక లేదక్కా. ఈడ్నే పడుకుంట.”

“సరే, పడుకో,” అన్నాను.

ఎంట్రీ 92

అనుకున్నట్టే గది చల్లబడింది. స్లాట్ మూసుకుంది కదా, వేడిగాలి అంతా వెనక గొట్టంలోంచి బయటి రాతిలోకి పోతోంది. ఈ స్విచ్‌ను చేసినవాళ్లు అనుకున్నది అదే. ఫ్యాన్లు కూడా ఆయాసం లేకుండా తిరుగుతున్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి గదిలో ఏ వాసనా లేదు, ఒంటరిగా కూర్చుని గట్టిగా గాలి పీల్చుకున్నాను.

ఆ సుఖం ఎంతసేపని! ఊరు ఊరంతా వచ్చింది. ముందు అండాలవ్వ, ఆమె వెనక గిన్నె మోస్తూ ఇద్దరు, వాళ్ల వెనక పర్వతాలు కాక.

“చూడు, సగం లేచి ఆగింది,” అంది అండాలవ్వ. గిన్నె మూత తీసి నాకు చూపించింది, జబ్బుపడ్డ పసిపాపను చూపించినట్టు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “రేపే పండుగ బిడ్డా. అందరి మినుములు నా చేతుల పోసిండ్రు. ఇడ్లీలు రాళ్లయితే నా మొకమెట్ల సూపియ్యాలె?”

“వెనక గొట్టం కాడ అల్మరా కట్టిస్తనవ్వా. ఇంకా ఎక్కువ వేడుంటది ఆడ. రెండు రోజులాగుండ్రి.”

“రేపే గదనే పండుగ!”

“అయితే పిండి సావనియ్యి!” అని అరిచాను.

అందరూ నోళ్లు తెరిచారు. చంపుతానన్నా అంత నివ్వెరపోయేవాళ్లు కాదు. సరే, చెప్పాల్సింది చెప్పాలి కదా అని గొంతు తగ్గించుకుని, మాడ్యూల్ చూపించి, బళ్లో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

“దీన్ని ఎవలన్న తీసిండ్రనుకో, కొత్తదొనల గాలాగుతది. గంట కూడ మోగదు. సమజైందా?”

“సమజైంది తియ్యి,” అన్నారు. అండాలవ్వ కూడా తలూపింది.

అందరినీ బయటికి తోలి తాళం వేశాను. రెండో తాళంచెవి పర్వతాలు కాక దగ్గరుంటుంది, ఇమ్మని అడిగితే “కమిటీ తాళం అట్ల ఇయ్యరాదు” అన్నాడు. వాదించే ఓపిక లేకపోయింది. ఇంటికి పోతున్నాను, కళ్లు మూసుకుపోతున్నాయి.

ఎంట్రీ 93

పాటలు వినబడి మెలకువ వచ్చింది. దిగినరోజు. దీపాల దండలు వేశారు. ఒళ్లు తేలిగ్గా ఉంది, అంత నిద్ర నేను ఎప్పుడు పోయానో గుర్తు లేదు.

మొగిలిని తీసుకొచ్చి పండుగ తిండి పెట్టిద్దామని బయలుదేరి, దారిలోనే కదా అని స్విచ్ గది తలుపు తీశాను. వెచ్చగా తగిలింది.

బల్ల మీద అండాలవ్వ పెద్ద గిన్నె. అంచుల మీద పొంగి కారిన చారలు, లోపల పిండి బుడగలు బుడగలుగా, తెల్లగా నిగనిగలాడుతోంది. సగం పిండి అప్పటికే తోడుకుపోయారు. నాకు ముందు ఒళ్లు మండింది. ఎవర్రా మళ్లీ ఇది ఇక్కడ పెట్టింది అని గిన్నె నెట్టబోయి, దాని వెనక మాడ్యూల్ చూశాను. స్లాట్‌లోంచి రెండు వేళ్లంత బయటికి వచ్చి ఉంది. మరలు విప్పి ఉన్నాయి. వైర్లన్నీ దాని పోర్టుల్లో పొందిగ్గా అలాగే ఉన్నాయి. దీపం లేదు.

అరచేత్తో దాన్ని లోపలికి గుద్దాను. స్విచ్ ఆపానో లేదో, పసుపు వెలిగిందో లేదో, ఏదీ చూడలేదు. పరిగెత్తాను.

పెద్దదొన నడిబొడ్డున ఇడ్లీల వరుస. పళ్లేలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. వరుసలో సరోజన, ఆమె మొగుడు, ఇద్దరు పిల్లలు. కొత్తదొనవాళ్లందరూ ఉన్నారు. పోయే ప్రాణం లేచొచ్చింది నాకు.

“ముందుగాలనే వచ్చిండ్రేంది?”

“పోరలకు మళ్ల తలకాయ నొచ్చింది అక్కా. నాకు కూడ కండ్లు తిరిగినట్టయింది. ఎట్లన్న పండుగే గద అని అందరం ఇటే వచ్చినం.”

“మొగిలేడి?”

“పడుకున్నడు.” ఆమె ముఖం మెత్తబడింది. “ఎన్ని దినాలైందో మంచిగ పండుకోక. లేపుదామని పోయిన గని, ఇప్పుడు మిషినే తిప్పుతున్నది గద అని లేపలే. దుప్పటి కప్పి వచ్చిన.”

గుంతలో వాడికి దుప్పటి మెడ దాకా కప్పి ఉంది. చల్లగాలి దూరకుండా అంచులు కాళ్ల కిందికి దోపి ఉంది. పిల్లలకు కప్పడం అలవాటైన చెయ్యి అది.

చక్రం తిరగడం లేదు. నేను తిప్పాను. వాణ్ని పిలుస్తూ తిప్పాను, ముల్లు వెనక్కి వచ్చేదాకా. ఎవరో వచ్చి నన్ను పైకి లాక్కుపోయారు.

ఎంట్రీ 94

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దీపాలన్నీ ఆకుపచ్చ, మాడ్యూల్ దీపం కూడా. పొద్దున్నే పోయి ఆపి, తీసి, తుడిచి, మళ్లీ పెట్టొచ్చాను. ఇంకెవరు పెడతారు?

చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. పర్వతాలు కాక వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు నేను.

“కమిటీల అందరం అనుకున్నం స్వరూపా. కొత్తదొనకు మొగిలిదొన అని పేరు పెడుదామని.”

“తాళంచెవి ఎవలకిచ్చినవ్ కాకా?”

“అందరం ఉంటిమి. ఒక్కలని ఏమనగలం? అవ్వ ఏడుస్తుండె. నేను ఎవలని బాధపెట్టలేను, నీకు తెలుసు గద.”

ఆయన కళ్లు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి. రాత్రంతా ఏడ్చి ఉంటాడు. ఆ ఏడుపు చూసి నాకు జాలి కలగలేదు, దాన్ని ముట్టుకుంటే చేతికి అంటుకుంటుందేమో అన్నంత రోత పుట్టింది. పొమ్మన్నాను. పోయాడు.

తర్వాత అండాలవ్వ వచ్చింది. రమ్మనకుండానే వచ్చి, నేల మీద నా ఎదురుగా చతికిలబడింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. ఆమె కూడా ఏమీ తిన్నట్టు లేదు, ఒక్కరోజులో మొహం పీక్కుపోయింది.

“తియ్యలే బిడ్డా,” అంది. “నువ్వు తియ్యద్దన్నవ్ గద, తియ్యలే. గాలి వచ్చేటంత జర్ర ముందుకు జరిపినం. వైర్లు పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి గద, ఏం గాదనుకున్న. నా మీద ఒట్టు.”

వైర్లు ఉన్నాయి గదా అనుకుంది. నేను తీస్తే అన్నాను, జరిపితే అనలేదు. ఈ ఊళ్లో అందరూ మంచివాళ్లే. ఒకామె పిండి చావకూడదనుకుంది, ఒకాయన ఎవరూ బాధపడకూడదనుకున్నాడు, ఒకామె నిద్ర చెడగొట్టకూడదనుకుంది. నా తమ్ముణ్ని చంపింది ఇంత మంచితనం. తలుచుకుంటే పిన్నుల మధ్య పేరుకున్న ఆ బూజే గుర్తొస్తోంది.

“బుక్కెడు తిను,” అంది. “నిన్నటి సంది కడుపులకు ఏం పోలే. నువ్వు కూడ పడిపోతవ్.”

మూత తీసి పళ్లెంలో పెట్టింది. ఇడ్లీలు. ఆ పిండివే, వేరే పిండి ఊళ్లో ఎక్కడుంది? పైన సన్నగా ఆవిరి లేస్తోంది. పళ్లెం ఎత్తి ఆమె మొహాన కొట్టాలని చెయ్యి చాపాను. నిజంగా అందుకే చాపాను.

తుంచాను. నోట్లో పెట్టుకున్నాను. పులుపు సరిగ్గా సరిపోయింది. నా జన్మలో అంత మెత్తని ఇడ్లీ తినలేదు. గొంతు దిగుతుంటే కడుపు దాన్ని లోపలి నుంచి లాక్కుంది. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ అసహ్యంతోనే నమిలాను, మింగాను, రెండోది తీసుకున్నాను.

అండాలవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ నేను తినడం చూస్తూ కూర్చుంది.

పళ్లెం ఖాళీ అయ్యాక ఇంకో రెండు వెయ్యమన్నాను.